పిండిపొరలో గ్లిసరాల్, గాలిలో తేమ

తిరుపతిలో రసాయనశాస్త్రం, ఆహార సాంకేతిక శాస్త్రం చదువుతున్న పీజీ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగానికి రాతరూపం

అధ్యాపక మిత్రులకు నమస్కారం. విద్యార్థులకు ఆశీస్సులు.

ఆత్రేయపురం పూతరేకును మీలో తినని వారుండరు. చేస్తుండగా చూసినవారు మాత్రం తక్కువే అయివుంటారు. బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పలచటి పాలలా చేసుకున్న పిండిలో గుడ్డ ముంచి, కింద మంట పెట్టి బోర్లించిన కుండ మీద ఒక్కసారి లాగుతారు. చూస్తుండగానే నీరు ఆవిరైపోయి, కాగితం కంటే పలచటి పొర కుండ మీది నుంచి విడివడుతుంది. ఆ పొరను అప్పటికప్పుడు మడవబోతే చిట్లి పొడిపొడి అవుతుంది. అందుకే చుట్టే ముందు రేకులను తడిగుడ్డతో అద్దుతారు. ఆ చెమ్మ తగలగానే రేకు వస్త్రంలా ఒంగుతుంది. అప్పుడు నెయ్యి రాసి, చక్కెర చల్లి మడతలు వేస్తారు. 2023లో ఆ పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి దాని తీపి గురించి నేను చెప్పనక్కరలేదు. నా ప్రసంగ విషయమంతా ఆ తడిగుడ్డలోనే ఉంది.

పిండితో చేసిన పొర ఎండితే ఎందుకు విరుగుతుంది, దేన్ని కలిపితే ఒంగుతుంది, కలిపినదాని మోతాదు పెరిగేకొద్దీ పొర గుణాలు ఎలా మారుతాయి అనేవి ఈరోజు మనం చూడవలసిన సంగతులు. అలా మెత్తదనం కోసం కలిపే పదార్థాన్ని ప్లాస్టిసైజర్ అంటాము. తెలుగులో దీనికి రకరకాల పేర్లు పెట్టి చూశారుగానీ ప్రయోగశాలలో ఎవరూ వాడరు, కనుక నేనూ ప్లాస్టిసైజర్ అనే అంటాను.

ముందుగా పిండి సంగతి. పిండిపదార్థంలో రెండు రకాల అణువులున్నాయి, రెండూ గ్లూకోజు పూసలను గుచ్చిన గొలుసులే. అమైలోజు దాదాపుగా కొమ్మలు లేని పొడవాటి దారం. అమైలోపెక్టిన్ గుబురుగా కొమ్మలేసిన చెట్టు. మొక్కజొన్న పిండిలో అమైలోజు పాలు నాలుగో వంతుకు కాస్త అటూఇటూ ఉంటుంది. సగ్గుబియ్యానికి మూలమైన కర్రపెండలం పిండిలో 17, 18 శాతం దగ్గర ఉంటుంది. ప్రతి గ్లూకోజు పూసకూ మూడేసి హైడ్రాక్సిల్ చేతులు, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు (OH) ఉన్నాయి. నీరు పోయేకొద్దీ ఈ చేతులు పక్క గొలుసు చేతులను హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. ఒక్కొక్క బంధం బలహీనమైనదే అయినా, లక్షల చేతులు ఒకేసారి పట్టుకున్నప్పుడు గొలుసు కదలలేదు. కదలలేని గొలుసులను వంచబోతే అవి జారవు, విరుగుతాయి.

ఈ కదలలేని స్థితిని గాజు స్థితి అంటారు. ఏ ఉష్ణోగ్రత దాటితే గొలుసులకు కదలిక వచ్చి పదార్థం మెత్తబడుతుందో దాన్ని గాజు పరివర్తన ఉష్ణోగ్రత అంటారు. పూర్తిగా ఎండిన పిండికి ఇది 200 డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఉంటుందని లెక్క కట్టారు. లెక్క కట్టారు అని ఎందుకు అంటున్నానంటే, దాన్ని నేరుగా కొలవడం సాధ్యం కాదు, అంత వేడి చేసేసరికి పిండి మాడడం మొదలవుతుంది. అదే పిండిలో 13 శాతం నీరుంటే ఆ ఉష్ణోగ్రత 60 డిగ్రీల దగ్గరకు దిగుతుంది, నీరు 20 శాతం దాటితే మన గది ఉష్ణోగ్రతకే వచ్చేస్తుంది. పూతరేకు మీద తడిగుడ్డ చేసే పని ఇదే. పిండికి మొట్టమొదటి ప్లాస్టిసైజర్, అన్నిటికంటే సమర్థమైన ప్లాస్టిసైజర్ నీరేనన్న మాట. దానికున్న లోపమల్లా నిలకడ లేకపోవడమే. ఎండ తగిలితే పోతుంది, వాన పడితే వస్తుంది.

నీటి స్థానంలో నిలిచివుండే మరొక పదార్థాన్ని వెతకడం అక్కడ మొదలవుతుంది. ప్లాస్టిసైజర్ అనే ఆలోచన పిండితో పుట్టినది కాదు. 1870 ప్రాంతంలో అమెరికాలో హయత్ సోదరులు నైట్రోసెల్యులోజుకు కర్పూరం కలిపి సెల్యులాయిడ్ తయారు చేశారు. విరిగిపోయే పదార్థాన్ని వేడి మీద వంచి మలచుకునేలా చేసింది ఆ కర్పూరమే. తిరుపతిలో నిలబడి కర్పూరం గురించి కొత్తగా చెప్పవలసింది ఉండదుగానీ, హారతి పళ్లెంలో వెలిగేదీ పాతకాలపు సినిమా రీలును మెత్తగా ఉంచినదీ ఒకే పదార్థమని ఎంతమందికి గుర్తుంటుంది? ఆ తరువాత 1926లో వాల్డో సెమన్ పీవీసీకి అధిక ఉష్ణోగ్రతల్లో మరిగే ద్రవాలను కలిపి మెత్తబరిచాడు. ఈనాటి వైర్ల తొడుగులు, రెక్సిన్ సీట్లు ఆ దారిలో వచ్చినవే.

పిండి నీటిని ప్రేమించే పదార్థం కాబట్టి దానికి కర్పూరం, నూనెలు పనికిరావు. హైడ్రాక్సిల్ చేతులున్న చిన్న అణువు కావాలి, అది సులువుగా ఆవిరి కాకూడదు, తినే వస్తువుకు తగిలినా హాని చేయకూడదు. ఈ మూడు షరతులకూ గ్లిసరాల్ సరిపోయింది. మందుల షాపులో గ్లిజరిన్ అని అడిగితే ఇచ్చేది అదే. మరుగు స్థానం 290 డిగ్రీలు. ఆహార పదార్థాల్లో 422 అనే అంతర్జాతీయ సంఖ్యతో అనుమతి ఉన్నది. బయోడీజిల్ తయారీలో ప్రతి వంద కిలోలకు సుమారు పది కిలోల వంతున ఉపఉత్పత్తిగా వస్తుంది కనుక ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. దాని చిన్న అణువు గొలుసుల మధ్యకు దూరి, గొలుసుకూ గొలుసుకూ ఉన్న పట్టును తనవైపు తిప్పుకుంటుంది. గొలుసులు ఎడమవుతాయి, మధ్య ఖాళీ చోటు పెరుగుతుంది. దీన్ని కందెన సిద్ధాంతమనీ, జెల్ సిద్ధాంతమనీ, ఖాళీ చోటు సిద్ధాంతమనీ మూడు విధాలుగా చెబుతారు. పరీక్షకు మూడూ చదవండి, ప్రయోగశాల బల్ల దగ్గర మాత్రం మూడవదే ఎక్కువగా పనికొస్తుంది.

ఇప్పుడు బల్ల దగ్గరకే వద్దాము. ఐదు గ్రాముల పిండి, వంద గ్రాముల నీరు, ఒకటిన్నర గ్రాముల గ్లిసరాల్ తీసుకున్నామనుకోండి. పిండి బరువులో గ్లిసరాల్ 30 శాతమన్న మాట. నిరంతరం కలుపుతూ 85, 90 డిగ్రీల దాకా తీసుకెళ్తే, 60 డిగ్రీలు దాటిన కాసేపటికి పాలలా ఉన్న ద్రవం చిక్కబడి, క్రమంగా తెల్లదనం పోయి గాజులా తేటపడుతుంది. గంజి కాచిన వారెవరికైనా తెలిసిన మార్పే ఇది. ఆ తేటదనం పూర్తిగా వచ్చేదాకా ఆగాలి. తొందరపడి దించితే ఉడకని పిండి రేణువులు పొరలో నలకల్లా మిగిలి, లాగినప్పుడు చిరుగు అక్కడే మొదలవుతుంది. ఇగిరిన నీటిని తూకం చూసి తిరిగి కలపాలి. బుడగలు పోయాక, 14 సెంటీమీటర్ల వ్యాసమున్న పళ్లెంలో సరిగ్గా 30 గ్రాములు పోసి, మట్టం చూసిన బల్ల మీద పెట్టి, 40, 45 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెడతాము.

పోసినప్పుడు ద్రవం రెండు మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఆరిన తరువాత మిగిలే ఘనపదార్థం 1.8 గ్రాములు మాత్రమే. పళ్లెం వైశాల్యం 154 చదరపు సెంటీమీటర్లు, పొర సాంద్రత 1.4 అనుకుంటే మందం 0.085 మిల్లీమీటర్ల దగ్గర తేలుతుంది, పొరలో మిగిలిన తేమతో కలిపి 0.09 పైన ఉండవచ్చు. స్క్రూగేజీతో పది చోట్ల కొలిచి ఈ లెక్కతో సరిచూసుకోండి. ఒక పక్క 0.06, మరో పక్క 0.12 వచ్చిందంటే మీ బల్ల వాలుగా ఉందని అర్థం. పరికరాల మీద అనుమానపడే ముందు బల్ల కింద చెక్కముక్క పెట్టండి.

ఇక్కడ నా సొంత అవస్థ ఒకటి చెబుతాను. ఏళ్ల క్రితం ఒక మే నెలలో నేను ఇదే కూర్పుతో పొరలు పోయించాను. ఒలిచిన పొరలను పేలికలుగా కత్తిరిస్తుంటే బ్లేడు తగిలిన చోటల్లా పగుళ్లు పారాయి. లాగుడు యంత్రం దవడల్లో బిగించేలోపే సగం ముక్కలు విరిగాయి. గ్లిసరాల్‌లో కల్తీ ఉందని నిశ్చయించుకుని, అమ్మిన దుకాణానికి వెళ్లి గట్టిగానే మాట్లాడి వచ్చాను. వేరే చోట కొత్త సీసా కొని పెట్టుకున్నానుగానీ, ఏవో పనుల్లో పడి మళ్లీ నవంబరులో కానీ చేయడం కుదరలేదు. ఈసారి పొరలు అద్భుతంగా వచ్చాయి, రబ్బరులా సాగాయి. కల్తీ సంగతి రుజువైందని సంతోషించాను. మూడో రోజున చూస్తే ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు ముద్దయి, విడదీయడానికి వీల్లేకుండా అతుక్కుపోయాయి. అప్పుడు అనుమానం వచ్చి, అటకమీది పాత సీసా దించి దానితో కూడా పోసి చూశాను. అవీ అలాగే సాగాయి, అలాగే అతుక్కున్నాయి. తప్పు సీసాది కాదు. మే నెల మధ్యాహ్నపు వడగాలికీ, నవంబరు ముసురుకూ మధ్య ఉన్న తేడాను నేను నోటుపుస్తకంలో ఎక్కడా రాసుకోలేదు. ఆ దుకాణదారుకు క్షమాపణ చెప్పడానికి వెళ్లాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు, మరో సీసా కావాలా అని అడిగాడు.

జరిగినది అంకెల్లో చూద్దాము. గ్లిసరాల్‌ను ఒక గిన్నెలో పోసి గాలికి వదిలేస్తే అది గాలిలోని తేమను తాగి ఒక స్థాయి దగ్గర ఆగుతుంది. గాలి సాపేక్ష ఆర్ద్రత 30 శాతం ఉంటే ఆ ద్రవంలో నీరు పదో వంతు, 50 శాతం ఉంటే ఐదో వంతు, 75 శాతం ఉంటే నూటికి 40 పాళ్లకు పైగా ఉంటుంది. మన కూర్పులో గ్లిసరాల్ ఒకటిన్నర గ్రాములు. అంటే 50 శాతం ఆర్ద్రత దగ్గర అది తన వంతుగా పట్టుకునే నీరు 0.4 గ్రాముల లోపు, 75 శాతం దగ్గర ఒక గ్రాముకు పైన. ఐదు గ్రాముల పిండి తనంతట తాను పట్టుకునే నీరు తేమ అంతే పెరిగినప్పుడు 0.6 నుంచి 0.8, 0.9 గ్రాములకు మాత్రమే పెరుగుతుంది. పొరలో ఈ రెండూ ఒకదాని చేతులు ఒకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి మొత్తం సరిగ్గా ఈ కూడిక ప్రకారం రాదు. అయినా మొగ్గు ఎటువైపుందో తెలుస్తూనే ఉంది. పొడి గాలిలో పిండిది పైచేయి, తడి గాలిలో గ్లిసరాల్‌ది పైచేయి.

కనుక పిండి, గ్లిసరాల్ అనే రెండు వస్తువుల పొరను చేస్తున్నామనుకోవడం పొరపాటు. మన చేతిలో ఉన్నది పిండి, గ్లిసరాల్, నీరు అనే మూడింటి పొర. మొదటి రెండూ మనం తూచి వేస్తాము, మూడవదాన్ని గాలి తూచి వేస్తుంది. గ్లిసరాల్ 30 శాతం అని రాసి, పొరను ఏ తేమలో ఎన్ని రోజులు ఉంచి పరీక్షించారో రాయని పట్టిక నాకు ఎవరైనా చూపిస్తే ఆ పట్టికను నేను చదవను. ఈ మాట కొంచెం కఠినంగా ఉందని తెలుసు. నా మే నెల పట్టికను కూడా నేను చదవడం లేదు.

మోతాదు సంగతికి వస్తే, గ్లిసరాల్ వేసేకొద్దీ పొర మెత్తబడుతూ పోతుందని ఎవరైనా అనుకుంటారు. మొదటి మెట్టులోనే ఆ ఊహ తప్పుతుంది. పది పన్నెండు శాతం లోపు గ్లిసరాల్ వేసి, మామూలు తేమలో పరీక్షిస్తే, అసలు గ్లిసరాల్ లేని పొర కంటే అది మరింత పెళుసుగా ఉండడం చాలాసార్లు కనబడుతుంది. దీన్ని ప్రతికూల ప్లాస్టిసైజేషన్ అంటారు. కొద్దిపాటి గ్లిసరాల్ అణువులు గొలుసుల మధ్య ఉన్న కొంచెం ఖాళీలోనూ బిగుసుకుని, అక్కడున్న కొంత నీటిని వెళ్లగొట్టి, తాము మాత్రం గొలుసును గట్టిగా పట్టుకుని కూర్చుంటాయి. కిక్కిరిసిన బస్సులో ఇద్దరి మధ్య మూడోవాడు ఇరుక్కుంటే ముగ్గురూ కదలలేరు. విచిత్రమేమిటంటే ఈ దశలో కూడా గాజు పరివర్తన ఉష్ణోగ్రత దిగుతూనే ఉంటుంది. ఉష్ణోగ్రత దిగింది కాబట్టి పొర మెత్తబడి ఉంటుందని యంత్రం ఇచ్చిన ఒక్క అంకెను చూసి రాసేవారు ఇక్కడే పడతారు.

20 శాతం దాటిన తరువాత మనం ఊహించిన కథ నడుస్తుంది. 50 శాతం చిల్లర తేమలో, 20 శాతం గ్లిసరాల్ దగ్గర తన్యబలం, అంటే లాగితే తెగకుండా తట్టుకునే బలం, పది మెగాపాస్కళ్లకు పైన ఉండే పొర, 40 శాతానికి వచ్చేసరికి రెండు మూడు మెగాపాస్కళ్లకు పడిపోవడం మామూలే. సాగుడు అందుకు ఎదురు దిశలో, కొద్ది శాతం నుంచి పదుల శాతాలకు పెరుగుతుంది. బలం, సాగుడు రెండూ కావాలని అడిగే విద్యార్థులుంటారు. ఒక్క ప్లాస్టిసైజర్ మోతాదు మార్చి ఆ రెండూ పొందడం కుదరదు. పోలిక కోసం చెబుతున్నాను, కిరాణా కొట్లో ఇచ్చే పాలిథీన్ పొర ఇంచుమించు పది, ఇరవై మెగాపాస్కళ్ల బలంతో ఉండి, తన పొడవుకు కొన్ని రెట్లు సాగుతుంది. మన పిండిపొర బలంలో దానికి సాటి రాగలదు, సాగుడులో రాలేదు.

ఇంకా పోస్తూ పోతే మరొక హద్దు వస్తుంది. పిండి ఇముడ్చుకోగలిగినంత వరకే గ్లిసరాల్ గొలుసుల మధ్య ఉంటుంది, మిగిలినది విడిగా గుంపు కడుతుంది. 30 శాతానికి అటూఇటూగా, పిండి ఎక్కువగా ఉన్న ప్రాంతాలూ గ్లిసరాల్ ఎక్కువగా ఉన్న ప్రాంతాలూ వేర్వేరు అవుతాయి. ఇంకా పెరిగితే పొర ఉపరితలం మీద చెమట పట్టినట్టు కనబడుతుంది. వేలితో ముట్టుకుంటే జిగట, కాగితం మీద పెడితే మరక. పైకి వచ్చిన గ్లిసరాల్ పక్కనున్న వస్తువులోకి వలస పోతుంది. కొన్నాళ్లకు పొర తిరిగి పెళుసవుతుంది. నవంబరులో నా పొరలు ముద్దయిన దానికి ఈ వలస, తేమ రెండూ కారణమే.

గ్లిసరాల్‌కు ప్రత్యామ్నాయంగా ఎక్కువమంది వాడేది సార్బిటాల్ అనే చక్కెర ఆల్కహాల్. ఇక్కడ ఒక చిన్న లెక్క చేసి చూడండి, నాకు చాలా ఇష్టమైన లెక్క. గ్లిసరాల్ అణుభారం 92, హైడ్రాక్సిల్ చేతులు మూడు. సార్బిటాల్ అణుభారం 182, చేతులు ఆరు. గ్రాముకు ఎన్ని చేతులని భాగించి చూస్తే రెండూ దాదాపు సమానం. ప్లాస్టిసైజర్ పనంతా చేతుల సంఖ్యను బట్టే జరిగితే సమాన బరువులో రెండూ ఒకేలాంటి పొరలు ఇవ్వాలి. ఇవ్వవు. సార్బిటాల్ పొర బలంగా ఉంటుంది, తక్కువ సాగుతుంది, నీటి ఆవిరిని తక్కువగా పోనిస్తుంది. ఎందుకని? సమాన బరువులో సార్బిటాల్ అణువుల సంఖ్య గ్లిసరాల్ అణువుల్లో సగమే. అణువు పెద్దది, కదలిక తక్కువ. గ్లిసరాల్ స్వంత గాజు పరివర్తన సున్నాకు 80 డిగ్రీల కింద ఉంటే, సార్బిటాల్‌ది సున్నాకు రెండు మూడు డిగ్రీల కిందే ఉంది. గది ఉష్ణోగ్రతలో అది ఘనపదార్థం కూడా. గాలిలోని తేమనూ అంతగా తాగదు. అందుచేత మన నవంబరుకు సార్బిటాల్ మేలు. అయితే దాని మోతాదు ఎక్కువైతే కొన్ని వారాలకు అది పొరలో స్ఫటికాలు కట్టి, పైకి తెల్లని పొడిలా తేలుతుంది. ఈ రెండింటినీ కలిపి వాడడం వల్ల స్ఫటికాల బెడదా, జిగట బెడదా రెండూ తగ్గుతాయి. నన్నడిగితే మన వాతావరణంలో మొదలుపెట్టవలసింది ఆ మిశ్రమంతోనే.

మిగిలిన వాటిని త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. గ్లూకోజు, ఫ్రక్టోజు వంటి చక్కెరలు పిండి పూసలకు చుట్టాలే కాబట్టి గొలుసుల మధ్య చక్కగా ఇముడుతాయి. యూరియా, ఫార్మమైడ్ పిండితో గ్లిసరాల్ కంటే గట్టి బంధాలు కడతాయి, పొర కాలం గడిచేకొద్దీ గట్టిపడడాన్ని ఆపుతాయి. ఫార్మమైడ్ విషం కనుక ఆహారం దరిదాపుల్లోకి రానివ్వకూడదు. సిట్రిక్ ఆమ్లం ఏకకాలంలో మూడు పనులు చేస్తుంది: కొంత మెత్తబరుస్తుంది, కొంత గొలుసులను ముడివేస్తుంది, వేడి ఎక్కువైతే గొలుసులను తెంపుతుంది. దేని పాలెంతో విడదీసి చెప్పడం కష్టం. ఇక నూనె, నెయ్యి పిండి గొలుసుల మధ్యకు పోవు, చుక్కలుగా మిగిలిపోతాయి. ఆవిరిని కొంత అడ్డుకుంటాయేగానీ మెత్తబరచవు. పూతరేకుకు నెయ్యి రుచినిస్తుంది, మడత పడేలా చేసేది చెమ్మే.

పొర వయసు గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. రాత్రి చేసిన రాగి సంకటి ముద్ద పొద్దున్నకు ఎందుకు బిగుసుకుంటుంది? ఉడికినప్పుడు విడిపోయిన గొలుసులు చల్లారాక మళ్లీ వరుసలు కట్టి స్ఫటికాలవుతాయి. దీన్ని రెట్రోగ్రెడేషన్ అంటారు. అమైలోజు గంటల్లో, అమైలోపెక్టిన్ రోజుల నుంచి వారాల్లో ఈ పని చేస్తుంది. పొరలో కూడా ఇదే జరుగుతుంది. ఇక్కడ ప్లాస్టిసైజర్ రెండు వైపులా పదునున్న కత్తి. గొలుసులకు కదిలే స్వేచ్ఛ ఇచ్చింది అదే కాబట్టి, ఆ స్వేచ్ఛతోనే గొలుసులు వెతుక్కుని వరుస కడతాయి. పెళుసుగా, పొడిగా ఉన్న పొర నెలల తరబడి అలాగే ఉంటుంది. తేమలో మెత్తగా ఉన్న పొర కొన్ని వారాల్లో గట్టిపడి, దాని సాగుడు సగానికి సగం పోవచ్చు. పోసిన మరునాడు కొలిచిన సాగుడును చూసి మురిసిపోకండి. అదే పొరను నెల తరువాత కూడా కొలవండి.

పొర గుండా ఏవి పోతాయన్నది సంచి తయారుచేసేవారికి ముఖ్యం. పొడిగా ఉన్నంతసేపు పిండిపొర ఆక్సిజన్‌ను పాలిథీన్ కంటే బాగా ఆపుతుంది. నూనెలను, కొవ్వులను కూడా ఆపుతుంది. నీటి ఆవిరిని మాత్రం పాలిథీన్ కంటే వందల రెట్లు ఎక్కువగా పోనిస్తుంది, గ్లిసరాల్ పెంచేకొద్దీ ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే గొలుసుల మధ్య చోటు పెరగడమే కాదు, ఆ చోటులో నీటిని ఆహ్వానించే చేతులు కూడా పెరిగాయి. తేమ పెరిగితే ఆక్సిజన్‌ను ఆపే శక్తి కూడా కరిగిపోతుంది.

కొండమీద లడ్డు సంచి సంగతి మీ మనసులో మెదులుతూ ఉంటుంది. 2021 ఆగస్టులో తిరుమలలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ రూపొందించిన, నేలలో కలిసిపోయే సంచుల అమ్మకం మొదలైంది. దేశమంతటా 2022 జులై 1 నుంచి కొన్ని రకాల ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం వచ్చింది. ఆ తరువాత బజారులో మొక్కజొన్న సంచులనే మాట బాగా వినబడుతోంది. మన పళ్లెంలో పోసిన పొరను ఆ సంచిగా ఊహించుకోకండి. నెయ్యి కారే లడ్డును మన పొర భరిస్తుంది, కాని వానలో తడిసిన భక్తుడి చేతిని భరించలేదు. అందుకే పరిశ్రమలో పిండిని 20 నుంచి 50 శాతం ప్లాస్టిసైజర్‌తో కలిపి, 120, 160 డిగ్రీల మధ్య మరతో పిసికి, ముందు థర్మోప్లాస్టిక్ పిండిగా, అంటే వేడికి మెత్తబడి మలచుకోగలిగే పిండిగా మారుస్తారు. ఆ వేడిలో నీరు ఎగిరిపోతుంది, గ్లిసరాల్ నిలుస్తుంది. తరువాత దాన్ని పీబ్యాట్ వంటి, నేలలో కలిసిపోయే పాలియెస్టర్‌తో కలిపి ఊదుతారు. సాగుడు, నీటికి ఓర్పు ఆ పాలియెస్టర్ నుంచి వస్తాయి.

మన ప్రాంతానికి సంబంధించిన పిండి ఒకటుంది. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి కాయ గుజ్జు తీశాక టెంకలు గుట్టలు పడతాయి. టెంక పగలగొడితే వచ్చే జీడిలో, ఎండు బరువు మీద సగానికి పైగా పిండిపదార్థమే. దానితో పాటు కొవ్వు, వగరునిచ్చే టానిన్లు ఉంటాయి. వాటిని కడగకుండా పొర పోస్తే గోధుమరంగులోకి తిరుగుతుంది, మిగిలిన కొవ్వు వల్ల సాగుడు అంకెలు గజిబిజి అవుతాయి. ప్రాజెక్టుకు అంశం వెతుక్కుంటున్నవారు దీన్ని ఆలోచించండి. గ్లిసరాల్, సార్బిటాల్, రెండింటి మిశ్రమం, మూడు తేమల దగ్గర, మరునాడూ నెలకూ కొలవండి. పని చాలానే ఉంటుంది, కాని జూన్, జులైల్లో టెంకలకు కొరత ఉండదు.

ఇక ప్రశ్నలు అడగవచ్చు.

ఒక విద్యార్థిని: సార్, వీడియోల్లో చూపించే ఇంటి ప్లాస్టిక్‌లో పిండి, గ్లిజరిన్‌తో పాటు వెనిగర్ కూడా పోస్తారు. అది కూడా ప్లాస్టిసైజరేనా?

కాదమ్మా. వెనిగర్‌లోని ఆమ్లం వేడి మీద గొలుసులను అక్కడక్కడా తెంపుతుంది. గంజి పలచబడి, గడ్డలు లేకుండా, తేటగా పరుచుకుంటుంది. ఆరేటప్పుడు ఆమ్లం చాలామటుకు ఎగిరిపోతుంది, వాసన కొద్దిగా మిగులుతుంది. కొంచెం వేస్తే పోత సులువవుతుంది, ఎక్కువ వేస్తే గొలుసులు మరీ పొట్టివై పొర బలం పోతుంది. పొరను మెత్తగా ఉంచే పని మాత్రం పూర్తిగా గ్లిసరాల్‌దే.

మరొక విద్యార్థి: తేమను అదుపు చేసే గది మా కాలేజీలో లేదు సార్. మీరు చెప్పినట్టు మూడు తేమల దగ్గర ఎలా కొలవాలి?

గది అక్కరలేదు నాయనా, మూత గట్టిగా పట్టే మూడు డబ్బాలు చాలు. ఒకదానిలో మెగ్నీషియం క్లోరైడు, ఒకదానిలో మెగ్నీషియం నైట్రేటు, మూడవదానిలో మామూలు సోడియం క్లోరైడు, అంటే కూరలో వేసే ఉప్పు, నీటిలో కరగక అడుగున మిగిలేంత వరకు కలిపిపెట్టు. 25 డిగ్రీల దగ్గర మొదటి డబ్బాలో గాలి 33 శాతం, రెండవదానిలో 53 శాతం, మూడవదానిలో 75 శాతం ఆర్ద్రత దగ్గర నిలబడుతుంది. ద్రవానికి పైన ఒక వల అమర్చి, పొర ముక్కలను ఒకదానికొకటి తగలకుండా పరిచి, మూత వెయ్యి. రోజూ ఒక ముక్కను తూచు. వరుసగా రెండు రోజులు బరువు మారకపోతే పొర సిద్ధమైందని అర్థం. డబ్బాను లాగుడు యంత్రం పక్కకే తీసుకుపోయి, ఒక్కొక్క ముక్కను తీసినవెంటనే పరీక్షించు. ఫ్యాను కింద పది నిమిషాలు పెట్టిన ముక్క ఆ డబ్బాది కాదు, గదిది. వారానికోసారి అడుగున ఉప్పు కనబడుతోందో లేదో చూడు. కనబడకపోతే మరో గుప్పెడు వెయ్యి.